మా అమ్మ ఊపిరి చూపించిన పండ్ల డాక్టరు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న నేను క్లినిక్‌కు బయల్దేరబోతుంటే మేడమ్ ఫోన్ చేసింది. మేడమ్ అంటే మా సారు భార్య. "బిడ్డా, ఇయ్యాల క్లినిక్ తియ్యకు" అంది. సారుకు ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాను. పదిన్నరకు రమ్మన్న పేషెంటుకు ఏం చెప్పమంటారని అడిగాను. "సారు లేడు బిడ్డా. నిద్రల్నే పోయిండు" అంది.

ఫోన్ చేతిలో పట్టుకుని గడపలోనే కూర్చున్నాను. లోపల మా అమ్మ రొట్టెలు చేస్తోంది. ఏమైందని అడిగింది. చెప్పాను. అమ్మ పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుంది. "నడువ్" అని నాకంటే ముందు వీధిలోకి దిగింది.

ఆర్మూర్‌లో ఆయన్ను అందరూ పండ్ల డాక్టర్ అనేవాళ్లు. నాకు సారు. ఆయన దగ్గర పదమూడేళ్లు పనిచేశాను. కుర్చీ పక్కన నిలబడి పరికరాలు అందించడం, నోట్లో ఊరే ఉమ్మిని పీల్చే గొట్టం పట్టుకోవడం, భయపడేవాళ్ల చెయ్యి పట్టుకోవడం నా పని. ఆయన గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు ఉంటారు. కానీ ఆయన చేతుల్ని అంత దగ్గరగా, అన్నేళ్లు చూసింది నేనే. అందుకే రాస్తున్నాను.

చలికాలంలో గ్లవ్స్ వేసుకునే ముందు సారు రెండు చేతులూ వేడినీళ్ల గిన్నెలో పెట్టుకునేవాడు. చల్లటి వేలు తగిలితే మనిషి బిగుసుకుపోతాడని అనేవాడు. మందుల చీటీ వెనుక పెన్సిల్‌తో పన్ను బొమ్మ గీసి, అదేంటో పేషెంటు నోటితో తిరిగి చెప్పించేదాకా ఆ కాగితం ఇచ్చేవాడు కాదు. పై దవడ వెనుక పన్ను గీసినప్పుడు దాని పైన ఇంకో ఖాళీ గది కూడా గీసేవాడు. "ఇది నీ చెంప లోపలి గాలి గది. నీ పన్ను వేర్లు దీని కిందనే ఉన్నయి. కింద మనం ఏం జేసినా పైగది ఖరాబు కావద్దు" అనేవాడు. దవడ ఎముకలోకి మొల దింపి బిగించే స్క్రూ పన్ను పెట్టించుకోవాలని వచ్చినవాళ్లను ముందు ముక్కు గురించే అడిగేవాడు. సర్ది ఎన్నిసార్లు అయితది, వంగితే చెంప బరువైతదా, బీడీ తాగుతవా అని. ఏర్గట్ల నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు విసుక్కుని, "సారూ, నువ్వు పండ్ల డాక్టరువా ముక్కు డాక్టరువా?" అన్నాడు. సారు నవ్వి, "రెండింటికి నడుమ ఒక్క గోడనే ఉన్నది పటేలా. బీడీ బంద్ జేసి రా, అప్పుడు గోడకు మొల గొడ్త" అన్నాడు. ఆ రైతు కోపంగా వెళ్లిపోయాడు. కొన్ని నెలల తర్వాత బీడీ మానేసి వచ్చాడు.

మా అమ్మ సంగతి బయటపడేనాటికి నేను ఆయన దగ్గర చేరి ఆరేళ్లయింది. మా అమ్మ పసుపు గోదాములో కొమ్ములు ఏరే పని చేసేది. పొద్దంతా పసుపు దుమ్ములో ఉండేది. చాలా ఏళ్లుగా ఆమెకు ముక్కు కారేది. చెడు వాసన వచ్చేది. ఎడమ చెంప బరువుగా ఉండేది. ఏ డాక్టరుకు చూపించినా దుమ్ము పడక వచ్చిన సర్దే అని మాత్రలు రాసేవాళ్లు. మేమూ అదే అనుకున్నాం. గోదాములో మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని తింటుంటే అమ్మ సంచుల చాటుకు పోయి ఒక్కతే తినేది. చర్చిలో ఒకప్పుడు ముందు వరుసలో నిలబడి పాడిన మనిషి, చివరి వరుసలో గోడ పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. పెదవులు కదిలేవి కావు. ఇంట్లో నాతో మాట్లాడేటప్పుడు కూడా మొహం పక్కకు తిప్పుకునేది. పండ్ల డాక్టరు దగ్గర పనిచేస్తూ నేను ఆమె నోరు తెరిపించి చూడలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది. ముక్కు జబ్బుకూ పంటికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

ఒకరోజు నేను సద్ది డబ్బా మర్చిపోయి వెళ్తే అమ్మ గోదాముకు పోతూ క్లినిక్‌కు తెచ్చింది. సారు అప్పుడే చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "మంచిగున్నవా అమ్మా?" అని అడిగాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, మొహం తిప్పి, "మంచిగున్న సారూ" అని వెళ్లబోయింది. సారు ఆగమన్నాడు. దగ్గరికి వచ్చాడు. కొంగు తియ్యమన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను తలవంచుకున్నాను. అమ్మ కొంగు తీసింది. సారు ఆమె మొహానికి జానెడు దూరంలోకి వంగి, నెమ్మదిగా ఊపిరి పీల్చి ఆ వాసన చూశాడు. మొహం చిట్లించలేదు, వెనక్కి జరగలేదు. ఎన్నో ఏళ్లుగా మా అమ్మకు అంత దగ్గరగా ఎవరూ రాలేదు. నేను కూడా.

"ఏ ముక్కు కారుతదమ్మా?" అని అడిగాడు.

"ఎడమది."

"కుడిది ఎన్నడన్న కారిందా?"

అమ్మ ఆలోచించింది. "లేదు సారూ."

"మరి దుమ్ము రెండు ముక్కుల్ల పోతది గద. ఒక్కదానికే ఎట్ల పట్టింది?"

ఇంతే అడిగాడు. అన్నేళ్లలో, అన్ని మాత్రల చీటీల్లో, ఎవరూ అడగని ప్రశ్న. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఎడమవైపు పై దవడలో వెనుక పన్ను మీద చిన్నగా కొట్టాడు. అమ్మ ఉలిక్కిపడింది. ఎక్స్‌రే తీశాడు. పాడైన పంటి వేరు పైనున్న గాలి గది అడుగును ఆనుకుని ఉంది. వేరు చివర నల్లటి మచ్చ. నిజామాబాద్ పంపి స్కాన్ తీయిస్తే కుడివైపు గది గాలి నిండి నల్లగా, శుభ్రంగా ఉంది. ఎడమది సగానికి పైగా బూడిదరంగు మబ్బుతో నిండి ఉంది. పంటిలోని చీము అన్నేళ్లుగా పైకి ఎక్కి, ముక్కులోంచి కారుతోంది.

స్కాన్ చూపించి సారు చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తన మొహం లోపల అంత ఖాళీ ఉందని ఆమెకు తెలియదు. "ఇంత జాగ ఉన్నదా సారూ నా మొహంల?" అంది. తర్వాత మెల్లగా, "అయితే పసుపు తప్పు గాదు" అంది.

"పసుపు తప్పు గాదమ్మా. నీ తప్పు గూడ గాదు. పన్ను తప్పు" అన్నాడు సారు.

పన్ను తీసేశాడు. దాని వెనుక పన్ను అమ్మకు ఎప్పుడో పోయింది. తీసినచోట నోటికీ పైగదికీ మధ్య సన్నటి దారి పడిందని, అది పూడేదాకా ముక్కు గట్టిగా చీదొద్దని, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమని చెప్పాడు. గోదాముకు వెళ్లొద్దన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, పనిలో నుంచి తీసేస్తారంది. సారు ఆ రోజే సాయంత్రం క్లినిక్ మూశాక నడుచుకుంటూ ఆ గోదాముకు వెళ్లి, సేఠ్‌తో మాట్లాడి, కొన్నాళ్లు ఆమెను దుమ్ము లేనిచోట, బయట చెట్టు కింద సంచులు కుట్టే పనిలో పెట్టించాడు. ఈ సంగతి మాకు సేఠ్ చెబితేనే తెలిసింది.

నిజామాబాద్ ముక్కు డాక్టరు మిగతా వైద్యం చేశాడు. నెలలు పట్టింది. ఒకనాటి సాయంత్రం అమ్మ గోదాము నుంచి పరుగులాంటి నడకతో నేరుగా క్లినిక్‌కే వచ్చింది. పేషెంట్లు కూర్చుని ఉన్నా పట్టించుకోలేదు. "బిడ్డా, పసుపు వాసనొస్తుంది" అంది. అప్పుడే ఉడికించిన పచ్చి పసుపు వాసన. అన్నేళ్లు దాని మధ్యే బతికి, ఆ వాసన ఎట్లా ఉంటుందో మర్చిపోయిన మనిషి. లోపలి నుంచి సారు విని బయటికి వచ్చాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇగ పన్ను సంగతి జూద్దాం" అన్నాడు.

ఆ పన్ను సంగతి అంత సులువుగా తేలలేదు. పన్ను పోయినచోట ఎముక అరిగిపోయింది. నోటికీ గాలి గదికీ మధ్య బియ్యపు గింజలో సగమంత మందం కూడా మిగల్లేదు. స్క్రూ పెడితే నేరుగా పైగదిలోకి దూరుతుంది. దానికొక్కటే దారి. చెంప వైపు నుంచి ఎముకకు చిన్న కిటికీ తెరవాలి. గది లోపల అంటుకుని ఉండే పొరను చినగకుండా పైకి లేపాలి. ఆ సందులో ఎముక పొడి నింపి, అది గట్టిపడి నిజం ఎముక అయ్యేదాకా ఆగాలి. అప్పుడు స్క్రూ. సారుకు అప్పటికి ఆ పని రాదు. హైదరాబాద్ పంపిస్తానన్నాడు. అమ్మ పోనంది. "పన్ను లేకున్నా బతుకుత సారూ. నువ్వు చేసేదైతే చెయ్యి, లేకుంటే ఒద్దు" అంది.

"నేర్చుకోనీకి జర టైమ్ ఇస్తవా అమ్మా?" అని అడిగాడు. ఆయనకప్పటికి యాభై ఎనిమిదేళ్లు.

ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి తనకంటే చిన్నవాడైన ఒక డాక్టరు దగ్గర నేర్చుకున్నాడు. ఇక్కడేమో నాతో కోడిగుడ్లు తెప్పించేవాడు. గుడ్డు పెంకు లోపల పల్చటి పొర ఉంటుంది కదా, గాలి గది పొర కూడా దాదాపు అట్లాగే ఉంటుందట. పచ్చిగుడ్డును గిన్నెలో కదలకుండా నిలబెట్టి, పన్ను అరగదీసే మిషన్‌తో పెంకును చిటికెన వేలి గోరంత మేర అరగదీసేవాడు. పొర కనిపించగానే ఆగాలి. వంకర చెంచాలాంటి చిన్న పరికరాన్ని పెంకుకూ పొరకూ మధ్య దూర్చి పొరను విడదీయాలి. మొదటి అట్టలోని ముప్పై గుడ్లూ పగిలాయి. ఆయన చొక్కా చేతులకు సొన. నేను వాటిని గిన్నెలో పట్టి ఇంటికి తీసుకుపోయి పొరటు చేసేదాన్ని. "ఎన్ని దినాలు తినాలె బిడ్డా గీ గుడ్లు?" అని అమ్మ విసుక్కుంది. అవి తన కోసమే పగులుతున్నాయని ఆమెకు నేను చెప్పలేదు.

మూడో అట్టలో ఒక గుడ్డు నిలిచింది. సారు నన్ను పిలిచి చూపించాడు. పెంకులో చిన్న కిటికీ, దాని వెనుక తడిగా మెరుస్తూ తెల్లటి పొర, ఎక్కడా చిరుగు లేదు. దాన్ని ఎడమచేతిలో పట్టుకుని ఆయన కదలకుండా నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా వేల పళ్లు చూసిన మనిషి ఒక గుడ్డు ముందు ఎల్కేజీ పిల్లాడిలా నిలబడటం చూసి నాకు నవ్వు రాలేదు. భయంలాంటిది కలిగింది.

ఆ హైదరాబాద్ డాక్టరు వచ్చి పక్కన నిలబడగా ముందు కొంతమందికి చేశాడు. అన్నీ బాగానే కుదిరాయి. తర్వాత మా అమ్మ వంతు వచ్చింది. మత్తు సూది ఇచ్చి, చిగురు తెరిచి, కిటికీ తీసి, పొర లేపడం మొదలుపెట్టాడు. సగం లేచింది. అప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది. నేను గొట్టం పట్టుకుని ఉన్నాను. ఏమైందో నాకు కనిపించలేదు. అమ్మకు అసలే తెలియదు. మొహం మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

సారు పరికరం పక్కన పెట్టాడు. అమ్మ మొహం మీది గుడ్డ తీశాడు. తన మాస్కు కూడా తీశాడు.

"అమ్మా, నా చేతుల పొర చినిగింది. చిన్నగ చినిగితే అతుకు పెడ్తుంటి. జర పెద్దగనే చినిగింది. దాని మీద పొడి నింపితే నీ ముక్కు మళ్ల ఖరాబైతది. ఇయ్యాల పొడి పెట్టను. కుట్లు ఏసి మూసేస్త. అది మానినంక మళ్ల జూద్దాం. తప్పు నాది."

డాక్టరు ఒక కూలిమనిషికి అట్లా చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మకు మూతి మొద్దుబారి ఉంది, మాట సరిగ్గా రావడం లేదు. అయినా చెయ్యి ఎత్తి ఆయన చెయ్యి పట్టుకుని, "మళ్ల నువ్వే చెయ్యాలె" అంది.

మరునాడు నేను క్లినిక్ తెరిచేసరికి సారు అప్పటికే వచ్చి ఉన్నాడు. బల్ల మీద గుడ్ల అట్ట. నేను గిన్నె తెచ్చిపెట్టాను. చినిగిన పొర మానేదాకా, నాలుగైదు నెలలు, రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు గుడ్లు చేసేవాడు. పొర ఒక్కసారి కూడా చినగలేదు. "చినిగిన తెల్లారి చేసిన పనే పని బిడ్డా" అన్నాడొకసారి. అప్పుడది మామూలు మాటే అనిపించింది. తర్వాత నా బతుకులో చాలాసార్లు పనికొచ్చింది.

రెండోసారి చేసినప్పుడు బయట పసుపు సీజను. ఆ రోజు సారు చలికాలం కాకపోయినా చేతులు వేడినీళ్లలో పెట్టుకున్నాడు. పాత కిటికీ పక్కన కొత్తది తీశాడు. వంకర పరికరం లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్లీ పోయింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. నా నడుము నొప్పి నాకు తర్వాతే తెలిసింది.

ఉన్నట్టుండి సారు చేతులు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చినిగిందనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, కళ్లతో దగ్గరికి రమ్మన్నాడు. దీపాన్ని కొంచెం వంచాడు.

"చూడు" అన్నాడు మెల్లగా.

వంగి చూశాను. గోరంత కిటికీ. దాని వెనుక బూడిదరంగు కలిసిన నీలంగా, తడిగా, మెరుస్తూ ఒక పొర. ఎక్కడా చిరుగు లేదు. అది కదులుతోంది. సన్నగా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. మళ్లీ లేస్తోంది. నాకు అర్థం కాలేదు.

"మీ అమ్మ ఊపిరి బిడ్డా" అన్నాడు సారు.

అమ్మ ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ పొర కదులుతోంది. నేను పుట్టకముందు నుంచీ కదులుతూనే ఉంది. చీము నిండినప్పుడు కూడా కదలాలని చూసే ఉంటుంది. అమ్మ గుడ్డ కింద కళ్లు మూసుకుని పడుకుంది, తన ఊపిరిని నేను చూస్తున్నానని ఆమెకు తెలియదు. చర్చిలో ఎన్నోసార్లు మోకరించాను. ఆ రోజు నిలబడే ఉన్నాను, కానీ లోపల అట్లాగే అయింది. సారు నన్ను తొందరపెట్టలేదు. నేను కళ్లు తుడుచుకుని గొట్టం మళ్లీ పట్టుకునేదాకా ఆగి, "ఇగ నింపుదాం" అన్నాడు.

ఎముక పొడి నింపి కుట్లు వేశాడు. ఆర్నెల్లకు పైగా ఆగాక స్క్రూ పెట్టాడు. అది ఎముకలో కుదురుకున్నాక పైన పన్ను బిగించాడు. మొదటిరోజు పన్ను తీసిన నాటి నుంచి లెక్కేస్తే రెండేళ్లు దాటింది. చివరి స్కాన్‌లో ఎడమవైపు గది కుడిదానిలాగే నల్లగా, ఖాళీగా, శుభ్రంగా ఉంది. దాని కింద కొత్త ఎముకలో తెల్లటి మొల నిటారుగా నిలబడి ఉంది. సారు దాన్ని వెలుగుకు పట్టి చూసి, పన్ను గురించి ఒక్క మాట అనలేదు. "గాలి మంచిగ ఆడుతుందా అమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఆర్నెల్లకోసారి పిలిపించి చూసినప్పుడల్లా అదే అడిగాడు.

అమ్మ చర్చిలో మళ్లీ ముందు వరుసలోకి వెళ్లింది. గోదాములో ఆడవాళ్ల మధ్య కూర్చుని తింటోంది. ఈ సంగతులు ఆమె సారుకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచదు. నేనే చెప్పాను ఒకరోజు. ఆయన పరికరాలు కడుగుతూ విన్నాడు. "అట్లనా" అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాడు.

చనిపోయే ముందు వారం కూడా హైదరాబాద్ నుంచి కొత్త పరికరం తెప్పించి, దాన్ని ఎట్లా పట్టుకోవాలో నాకు చూపించాడు. నా తప్పు పట్టును రెండుసార్లు సరిచేశాడు. నేనెందుకు సారూ నేర్చుకోవాలి, డాక్టరును కాదు కదా అన్నాను. "ఎప్పుడన్న నా చెయ్యి తప్పైతే జెప్పనీకి ఒకరు తెల్సినోళ్లు పక్కన ఉండాలె గద" అన్నాడు.

ఆ మంగళవారం మేమిద్దరం వెళ్లేసరికి ఇంటి ముందు జనం నిండిపోయి ఉన్నారు. కమ్మర్‌పల్లి నుంచి, సిరికొండ నుంచి కూడా వచ్చారు. బీడీ మానేసిన ఆ ఏర్గట్ల రైతు మెట్ల దగ్గర తలపాగా తీసి పట్టుకుని నిలబడ్డాడు. సారును హాల్లో అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. చేతులు పొట్ట మీద ఉన్నాయి. వరుసలో నిలబడి ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టి వెళ్తున్నారు. మేడమ్ పెట్టె పక్కన కింద కూర్చుని, అద్దం మీద చెమ్మ పట్టినప్పుడల్లా తువ్వాలుతో తుడుస్తోంది.

అమ్మ వంతు వచ్చింది. ఆమె దండం పెట్టలేదు. పెట్టె మీదికి వంగింది. ఇంకా వంగింది. ఆయన మొహానికి ఎంత దగ్గరగా వెళ్లడానికి అద్దం ఒప్పుకుంటే అంత దగ్గరగా వెళ్లి, అట్లాగే ఆగి చూసింది. నోరు మూసుకునే ఉంది. ఏడుపు లేదు. ఆ చల్లటి అద్దం మీద, సారు మొహానికి సరిగ్గా పైన, అమ్మ ఊపిరికి పక్కపక్కనే రెండు చిన్న ఆవిరి మచ్చలు పడ్డాయి. ఎడమది ఎంతుందో కుడిదీ అంతే ఉంది. అవి చెరిగేలోపే మళ్లీ పడ్డాయి. తుడవడానికి తువ్వాలు ఎత్తిన మేడమ్ చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.